బిడ్డ పడుకున్నాడు, లేపొద్దు



ఇరవై రెండేళ్ళుగా నేను స్టాఫ్ నర్సుని. రాయలసీమలో ఒక సర్కారీ దవాఖానాలో, కాన్పుల వార్డులో నా నౌకరీ. ఇన్నేళ్ళలో ఎన్ని డిశ్చార్జి కాగితాల మీద దస్తఖత్ చేశానో లెక్క లేదు. అందులో ఒక్క కాగితం మాత్రం ఈ రోజుకీ నా కళ్ళ ముందు నుంచి పోదు. ‘పాలివ్వడం గురించి, బిడ్డ సంరక్షణ గురించి తల్లికి చెప్పడమైనది’ అనే లైను పక్కన టిక్కు పెట్టింది నేనే. కింద ఉన్న పేరు నాదే. పైన జచ్చా పేరు మాత్రం నా సొంత చెల్లెలి కూతురిది.

చెప్పలేదని కాదు. చెప్పాను. రెండు నిమిషాలు చెప్పాను.

అది రంజాన్ నెల. వార్డులో మంచాలు చాలక ఇద్దరేసి జచ్చాలను ఒక్క మంచం మీద సర్దిన రోజులు. తొలి కాన్పు కదా, పిల్ల మైకేకి వచ్చింది. గురువారం ఫజర్ వేళకి మగబిడ్డ పుట్టాడు. 2.7 కిలోలు. మా దామాద్ వణుకుతున్న గొంతుతో చెవిలో అజాన్ ఇచ్చాడు. శనివారం మధ్యాహ్నానికి 48 గంటలు నిండాయి, డాక్టరమ్మ డిశ్చార్జి రాసేసింది. నేను రోజాతో ఉన్నాను, చేతిలో ఇంకా పదకొండు మంది కాగితాలున్నాయి. మనింటి పిల్లే కదా అనుకున్నాను.

“బేటా, రెండు మూడు గంటలకోసారి పాలు పట్టు. ఏమన్నా ఉంటే ఫోన్ చెయ్యి, నేనున్నా కదా. సమ్జీ?” అన్నాను.

“హౌ ఖాలా” అంది.

అప్పటికి ఆ పిల్ల రెండు రాత్రులు నిద్ర పోలేదు. కుట్లు నొప్పికి సరిగా కూర్చోలేకపోతోంది. నేను చెప్పింది చెవిలో పడిందో లేదో ఆ అల్లాకే తెలుసు. చెల్లెలు బయట వరండాలో టిఫిన్ డబ్బాలు, గుడ్డలు మూట కడుతోంది. దామాద్ గేటు దగ్గర బండి కోసం నిలబడ్డాడు. మా అమ్మీ ఇంటి దగ్గర ముని మనవడి కోసం ఊదు వేసుకుని ఎదురు చూస్తోంది. ఆ బిడ్డను నలభై రోజులు పెంచాల్సిన ముగ్గురూ నేను చెప్పేటప్పుడు అక్కడ లేరు.

ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది.

మూడో రోజుకి కూడా పిల్లకి రొమ్ములు నిండలేదు. పసుప్పచ్చగా, జిగురుగా కొంచెం కొంచెమే వస్తున్నాయి. అవి ముర్రుపాలు. మొదటి రోజుల్లో బిడ్డ పొట్టకి ఒక్కో పూటకి చెంచాడు చాలు, అల్లా అంతే ఇస్తాడు. కానీ మా అమ్మీ కళ్ళకి అవి పాలు కావు. “పాలు పడలేదు, బచ్చా భూకా ఉన్నాడు” అని వేలితో శహద్ నాకించింది. ఆ తర్వాత ఘుట్టీ. ఆ తర్వాత చక్కెర నీళ్ళు. కడుపులో తీపి పడ్డాక బిడ్డ రొమ్ము పట్టుకోవడం తగ్గించాడు. బిడ్డ పీల్చే కొద్దీ కదా పాలు ఊరేది! పీల్చడం తగ్గింది, ఊరడం వెనకబడింది. నాలుగో రోజు పాలు పడేటప్పటికి రొమ్ములు రాళ్ళలా గట్టిపడ్డాయి. బిడ్డకి పట్టు చిక్కక ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు.

సహరీకి ఇల్లంతా లేచేది. గిన్నెల చప్పుడు, లైట్లు, మసీదు మైకు. అంత గోలలో కూడా బిడ్డ లేవలేదు. చెల్లెలు ఎత్తుకోబోతే అమ్మీ, “సోనే దే. బిడ్డ పడుకున్నాడు, లేపొద్దు. నిద్రలోనే పెరుగుతారు” అందంట. ఎంత సబ్ర్ ఉన్న బిడ్డో అని అందరూ ముచ్చటపడ్డారంట.

నేను రోజూ ఫోన్ చేశాను, అబద్ధం చెప్పను. “ఎలా ఉన్నాడు?” అంటే, “మాషా అల్లా, అసలు ఏడవడు ఆపా” అనేది చెల్లెలు. ఇన్నేళ్ళ నర్సుని, నాలుగు రోజుల బిడ్డ అసలు ఏడవడం లేదని విని అల్‌హందులిల్లాహ్ అని ఫోన్ పెట్టేశాను.

ఆరో రోజు ఇఫ్తార్ తర్వాత ట్యూబులైటు వెలుతురులో చెల్లెలికి బిడ్డ కళ్ళు పచ్చగా కనబడ్డాయి. ఆటోలో పరిగెత్తుకొచ్చారు. నేను గుడ్డ విప్పాను. అరికాళ్ళ దాకా పసుపు. లంగోటీ మీద ఇటుక పొడి రంగు మరక. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు తడిపాడని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తూకం మీద పెడితే 2.3 కిలోలు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం తగ్గడం మామూలే. కానీ పదో వంతు దాటిందంటే ఖతరా. అంటే ఈ బిడ్డ విషయంలో 270 గ్రాములు. వీడు 400 తగ్గాడు.

పిల్లల డాక్టరు కామెర్లకి లైటు కింద పెట్టించాడు. పాలు పిండించి ఉగ్గుగిన్నెతో పట్టించాడు. కాగితాలు తిరగేస్తూ, “సిస్టర్, మీ వాళ్ళా? డిశ్చార్జప్పుడు ఎవరు చెప్పారు వీళ్ళకి?” అన్నాడు.

“నేనే” అన్నాను. ఆ టిక్కు ఆయన వేలి కిందే ఉంది.

ఏడో రోజు అఖీఖా కావాల్సిన బిడ్డ కళ్ళకి గంతలతో నీలం లైటు కింద పడుకున్నాడు. వరండాలో చెల్లెలు నన్ను ఒక్క మాటే అడిగింది. “ఆపా, నువ్వు ఊరందరికీ చెప్తావంట కదా. నాకెందుకు చెప్పలేదు?”

గొంతులో గుస్సా లేదు. ఉండుంటే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి డ్యూటీలో కూర్చుని ఆలోచించాను. నా సబఖ్ మొత్తం ఎవరికి చెప్పాను? ఆ ఇంట్లో అందరికంటే అలసిపోయిన మనిషికి. అందరికంటే తక్కువ ఇఖ్తియార్ ఉన్న మనిషికి. మన ఇళ్ళలో చిల్లా నలభై రోజులు బిడ్డ గురించి ఫైసలా చేసేది జచ్చానా? నానీ, దాదీ, పర్‌నానీ, పక్కింటి ఖాలా. ఇరవై ఏళ్ళ పిల్ల వాళ్ళందరికీ ఎదురు చెప్పి శహద్ గిన్నె పక్కకి తోయగలదా? పైగా నేను చివర్లో అడిగిన మాట “సమ్జీ?” అని. మనింటి ఆడపిల్ల పెద్దవాళ్ళు అలా అడిగితే “హౌ” అనక ఇంకేమంటుంది?

అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. మీ ఇంట్లో కాన్పు ఉంటే మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది, చివరి రోజు కోసం ఆగను. కాన్పయిన మొదటి గంటలోపే బిడ్డని తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి రొమ్ము పట్టించేటప్పుడే సబఖ్ షురూ. అప్పుడే అడుగుతాను, “చిల్లాలో రాత్రిపూట బిడ్డని ఎవరు ఎత్తుకుంటారు? వాళ్ళని రమ్మనండి” అని. నానీ అయినా దాదీ అయినా లోపలికి రావాలి. బాప్ కూడా రావాలి. మొగవాళ్ళు ఇది ఆడవాళ్ళ పని అని గేటు దగ్గరే ఆగిపోతారు. సూర బఖర 233వ ఆయత్ గుర్తు చేస్తాను. తల్లులు రెండేళ్ళు పాలిచ్చే సంగతి చెప్పిన ఆ ఆయత్‌లోనే, తల్లి తిండీ బట్టా బాప్ జిమ్మేదారీ అని కూడా ఉంది కదా. పాలు మాన్పించే ఫైసలా కూడా ఇద్దరూ మష్వరా చేసుకుని చేయాలని ఉంది. అంటే బాప్ ఈ సంగతిలో బయటి మనిషి కాదు.

రెండోది, చెప్పను, చేయిస్తాను. తల్లి నా ముందే పాలు పట్టాలి, నేను చూడాలి. బిడ్డ తల, వీపు ఒకే గీతలో ఉండాలి. పొట్ట తల్లి పొట్టకి ఆనాలి. నోరు బాగా తెరిచాక రొమ్ము అందించాలి. చనుమొన ఒక్కటే పట్టుకుంటే చాలదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా ఎక్కువగా నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకి తగలాలి, కింది పెదవి బయటికి తిరగాలి. పట్టు సరిగ్గా ఉంటే నొప్పి ఉండదు, బిడ్డ గుటక వేసే సద్దు వినబడుతుంది. నొప్పి ఉందంటే పట్టు తప్పింది. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి విడిపించి మళ్ళీ పట్టించాలి. పాలు చేత్తో పిండటం కూడా అక్కడే నేర్పిస్తాను. రొమ్ములు రాళ్ళయిన రోజు అదే కాపాడుతుంది. కాస్త పిండితే మెత్తబడి బిడ్డకి పట్టు దొరుకుతుంది. పిండినవి పారబోయకుండా శుభ్రమైన ఉగ్గుగిన్నెతో పట్టొచ్చు. పాలసీసా నక్కో.

మూడోది, లెక్క. నానీలకి నేనిచ్చే డ్యూటీ ఇదే, వాళ్ళకి ఇష్టం కూడా. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు. తడి గుడ్డలు మొదటి రోజు కనీసం ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి ఐదో రోజు నుంచి ఆరుకి తగ్గకూడదు. దొడ్డికి మొదట నల్లగా తారులా పోతాడు, తర్వాత పచ్చగా, నాలుగైదు రోజులకి పసుప్పచ్చగా మారాలి. పాలు సరిపోతున్నాయా లేదా అని రొమ్ము సైజు చూసి చెప్పొద్దు, గుడ్డలు లెక్క పెట్టి చెప్పండి అంటాను. రెండు వారాల్లోపు పుట్టిన నాటి బరువుకి రావాలి. ఆశా దీదీ మూడో రోజు, ఏడో రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలి. కానీ చాలామంది పిల్లలు ససురాల్ ఊళ్ళో పేరు రాయించుకుని మైకేలో కంటారు. అక్కడి ఆశాకి కాన్పు సంగతి తెలీదు, ఇక్కడి ఆశాకి పిల్ల సంగతి తెలీదు. అందుకే ఏ ఊరికి పోతున్నారో అడిగి, అక్కడి ఆశా నంబరు రాసిస్తాను. మా చెల్లెలింటికి ఎవరూ రాలేదంటే కారణం ఇదే.

నాలుగోది, నిద్ర. మొదటి వారాల్లో మూడు గంటలు దాటి నిద్రపోతే లేపాలి. అరికాలు గీరండి, కప్పిన గుడ్డ తీయండి, తల్లి ఛాతీకి ఆనించండి. లేపినా లేవకపోతే, లేచినా పాలు తాగకపోతే దవాఖానాకి తీసుకురావాలి. అది సబ్ర్ కాదు, బలం లేకపోవడం. రంజాన్‌లో అయితే చెప్తాను, మీరు సహరీకి లేచినప్పుడు బిడ్డనీ లేపండి అని. ఇంకో మాట. నిఫాస్ రోజుల్లో జచ్చాకి రోజా లేదు. ఆ తర్వాత కూడా తనకో బిడ్డకో నుక్సాన్ అవుతుందని భయముంటే పాలిచ్చే తల్లి రోజాలు తర్వాతకి వాయిదా వేసుకునే ఇజాజత్ షరీఅత్‌లో ఉంది. తల్లికి దాహమైనన్ని నీళ్ళివ్వండి, పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి.

ఐదోది, ఎప్పుడు పరిగెత్తుకు రావాలి. పాలు తాగకపోతే. ఒళ్ళు కాలినా, చల్లబడినా. నిమిషానికి అరవై, అంతకంటే ఎక్కువ సార్లు ఊపిరి తీసినా, ఊపిరికి డొక్కలు ఎగరేసినా. ఫిట్సు వస్తే. మొదటి రోజే పచ్చబడినా, తర్వాత పసుపు అరచేతులకి, అరికాళ్ళకి దిగినా. బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము కారినా. జుమా చూసుకుని వస్తాం, అమావాస్య పోనిచ్చి వస్తాం అనొద్దు. సర్కారీ దవాఖానాలో పసిబిడ్డకి ఇలాజ్ ముఫ్త్. ఖర్చు చూసుకుని ఆగొద్దు.

ఇవన్నీ అయ్యాక “సమ్జీ?” అని అడగను. “నానీ, రాత్రి రెండింటికి బిడ్డ లేవలేదనుకో. ఏం చేస్తావు? చేసి చూపించు” అంటాను. చేసి చూపిస్తేనే టిక్కు.

ఇక మన ఇళ్ళ రివాజుల సంగతి. ఇక్కడ చాలామంది నర్సులు గద్దిస్తారు. ఒకప్పుడు నేనూ గద్దించేదాన్ని. ఇప్పుడు వేరుగా మాట్లాడతాను. అజాన్ హాయిగా ఇవ్వండి, బిడ్డ తల్లి ఛాతీ మీద ఉండగానే ఇవ్వండి. తహ్నీక్ చేయాలనే వాళ్ళుంటారు. డాక్టర్ల మాట ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏదీ వద్దనే. అయినా చేస్తామంటే, చేతులు సబ్బుతో కడిగి, మెత్తటి ఖజూర్ తడి ఒక్కసారి అంగిలికి తగిలించి ఆపేయండి. ముక్క నోట్లో ఉండకూడదు. శహద్ మాత్రం ఏడాది నిండేదాకా చుక్క కూడా నక్కో. శహద్‌లో ఉండే కొన్ని సూక్ష్మజీవుల వల్ల పసిబిడ్డ నరాలు చచ్చుబడే బీమారీ రావచ్చు. పెద్దవాళ్ళకి షిఫా అయింది పసికందు పేగులకి భారం. కాజల్ కళ్ళలో వద్దు. ముక్కులో, చెవిలో నూనె వద్దు. బొడ్డుకి పసుపూ వద్దు, బూడిదా వద్దు, పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది. ఊదు పొగ బిడ్డ ఉన్న గదిలో వద్దు. మొదటి రోజు స్నానం వద్దు. “పాలు చాలవు, డబ్బా పాలు పట్టు” అనే పక్కింటి సలహా అసలే వద్దు. ఆ డబ్బాల ప్రకటనలని మన దేశంలో 1992 నాటి కానూనే మనా చేసింది.

ఎందుకు గద్దించనో చెప్తాను.

బిడ్డ లైటు కింద ఉన్న రెండో రోజు, ఇంటికెళ్ళి అమ్మీతో శహద్ సంగతి కొంచెం గట్టిగానే మాట్లాడాను. అమ్మీకి రోషం వచ్చింది. “మీ ఐదుగురికీ ముర్రుపాలు పిండి పారబోశాను, శహదే నాకించాను. ఏమైంది మీకు? గుర్రాల్లా లేరూ?” అంది. నేను లేచి నమాజ్‌కి వెళ్ళిపోయాను.

ఇషా తర్వాత అమ్మీ తస్బీహ్ పట్టుకుని నా పక్కన వచ్చి కూర్చుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఆరుగురు” అంది.

నాకు అర్థం కాలేదు.

“మీరు ఐదుగురు కాదు, ఆరుగురు. నీకంటే ముందు ఒకడు. తొమ్మిది రోజులున్నాడు. వాడూ ఏడ్చేవాడు కాదు. ఎప్పుడూ నిద్రే. అందరూ బంగారం లాంటి బిడ్డ అనేవాళ్ళు.” కాసేపాగి, “బేటీ, నేనే…” అని ఆగిపోయింది.

ఆ సవాల్ ఆమె పూర్తి చేయలేదు. యాభై ఏళ్ళ నాటి తొమ్మిది రోజుల బిడ్డ ఎందుకు పోయాడో చెప్పడానికి నేనెవర్ని? “తెలీదమ్మీ. నిజంగా తెలీదు. నీకెవరూ చెప్పలేదు కదా” అన్నాను. ఆమె చేతిలో తస్బీహ్ కదలడం లేదు. నేను ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

చెల్లెలూ అదే అంది, నాకెందుకు చెప్పలేదు అని. అమ్మీకి చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. చెల్లెలికి చెప్పడానికి నేనున్నాను, చెప్పలేదు. మా వార్డుకి వచ్చే ప్రతి నానీ, ప్రతి దాదీ గుండెలో ఇలాంటి లెక్క ఒకటి ఉండొచ్చు. ఐదు అని బయటికి చెప్పేది, ఆరు అని లోపల ఉన్నది. “ఇన్నాళ్ళూ తప్పు చేశారు” అని నేనంటే ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకేం తెలుసు? అందుకే, “మీరు మొహబ్బత్‌తోనే చేశారు నానీ. ఇప్పుడు తెలిసింది కదా, ఇలా చేద్దాం” అంటాను. అలా అంటే వాళ్ళు వింటారు. గద్దిస్తే దవాఖానాలో తలూపి, ఇంటికెళ్ళి శహద్ సీసా తీస్తారు.

బిడ్డ నాలుగో రోజు ఇంటికొచ్చాడు. ఈసారి డిశ్చార్జప్పుడు ముగ్గురినీ కూర్చోబెట్టి ముప్పావు గంట చెప్పాను. అమ్మీ కూడా వచ్చింది, పట్టుబట్టి వచ్చింది. దామాద్ చొక్కా విప్పి బిడ్డని ఛాతీకి ఎలా ఆనించుకోవాలో నేర్చుకున్నాడు, సిగ్గుపడుతూనే. గోడ మీద క్యాలెండర్‌లో ఒక్కో తడి గుడ్డకి ఒక్కో గీత గీయడం చెల్లెలు పెట్టుకుంది.

అఖీఖా ఇరవై ఒకటో రోజు చేశాం. తలవెంట్రుకలు తీయించి, వాటి బరువుకి చాందీ సద్‌ఖా ఇవ్వడానికి మా భాయ్ చిన్న త్రాసు తెచ్చాడు. అందరూ ఆ వెంట్రుకల బరువు ఎంత తూగుతుందా అని చుట్టూ మూగారు. అమ్మీ మాత్రం మూల నుంచి నన్ను పిలిచింది.

“అది ఉండనీ. బిడ్డ బరువెంత?”

పొద్దున్నే తూచాను. “2.85, అమ్మీ.”

“ఇవాళ ఎన్ని గుడ్డలు?”

“ఇప్పటికి ఐదు.”

తల ఊపింది. గోడ మీద గడియారం చూసి, “మూడు గంటలవుతోంది. వాడిని లేపండి” అంది.

మీ ఇంట్లో కాన్పు ఉంటే ఇది చదివి వినిపించండి. జచ్చాకి కాదు, ముందు ఇంట్లో పెద్దవాళ్ళకి. మీ దువాల్లో మా అమ్మీని, ఆ తొమ్మిది రోజుల అన్నని యాద్ ఉంచుకోండి.

ఖుదా హాఫిజ్.